స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య

"ఒకటా, రెండా?" అని హాల్లోంచి కేక వినిపించిందంటే ఆ ఇంట్లో ఆదివారం మొదలైనట్టే.

అడిగేది ఇంటాయన. పాత ఎఫ్.ఎం. ట్యూనర్లు, అంటే రేడియో పెట్టెలు, తనదొకటీ అరువు తెచ్చిందొకటీ పక్కపక్కన పెట్టి, ఒకే యాంటెన్నాకి తగిలించి, రెంటినీ ఒకే స్టేషన్ మీద నిలబెట్టి, చేతిలో ఉన్న చిన్న స్విచ్చిని అటోసారి ఇటోసారి నొక్కుతూ కూచుంటాడు. ఏది బాగుందో చెప్పాల్సింది ఇంటావిడ. ఆవిడ వంటింట్లో హాలుకి వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతూ వినాలి. ఏ పెట్టె మోగుతోందో ఆవిడ కంట పడకూడదు. పడితే పరీక్ష మైలపడిపోతుందట.

"రెండు," అంది ఆవిడ. "ఒకటో దాంట్లో పాడేవాడు 'స' అన్నప్పుడల్లా ఇసక రాలుతోంది."

"నేనూ అదే అనుకున్నా!"

ఆయన ఎప్పుడూ అదే అనుకునేవాడు, ఆవిడ చెప్పిన తర్వాత. ఆ ఇసక మాట సాయంత్రానికి పళ్ళ డాక్టరింటికీ, అక్కణ్ణుంచి వకీలుగారింటికీ చేరేది. ఊళ్ళో పాత ట్యూనర్ల పిచ్చి ఉన్న మగవాళ్ళందరూ ఆయన్ని 'చెవులాయన' అని పిలిచేవాళ్ళు. అంత నాజూకు చెవులు ఇంకెవరికీ లేవని చెప్పుకునేవాళ్ళు. చెవులాయన వినయంగా నవ్వేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది అనే మాట ఆయనకి ఎప్పుడూ గుర్తు రాలేదు.

వాళ్ళ కూతురు చెవుల ఆసుపత్రిలో పనిచేసేది. గాజు గదిలో మనిషిని కూచోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, కూతలు వినిపించి, ఎంతవరకూ వినిపిస్తోందో గీతలు గీసే పని. ఒకసారి సరదాకి తండ్రినీ కూచోబెట్టింది. గీత సగంలోనే కాలువలో పడ్డట్టు పడిపోయింది.

"నాన్నా, పిచ్చుక అరిస్తే నీకు దాని ముక్కు కదలడం కనిపిస్తుంది, అంతే," అంది.

"మీ మిషన్ పాడైంది," అన్నాడు ఆయన.

*

పాత ట్యూనర్లకి ఇంటి గొంతు ఉంటుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉన్న పెట్టె, ఆ గదిలో ఎవరూ వినిపించుకోని మాటల్నీ, పెదవుల మీదే ఆగిపోయిన మాటల్నీ పట్టి లోపల పెట్టుకుంటుంది. ఎవరితో అన్నారో వాళ్ళు విన్న మాటలు అందులో నిలవవు. వాటిని విన్నవాళ్ళు తీసుకుపోతారు కదా. మిగిలినవి, స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ముల్లు తిరిగే ఖాళీ జాగాలో, వాన హోరు లాంటి ఆ చప్పుడు అడుగున, సన్నగా వినిపిస్తాయి. ఆ హోరు వినపడకుండా ప్రతి ట్యూనర్ మీదా 'మ్యూటింగ్' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కి ఉంచితే ఖాళీలన్నీ నిశ్శబ్దం.

పాత మంచం కొనేవాడు నల్లులున్నాయా అని అడిగినట్టు, పాత ట్యూనర్ కొనేవాడు "ఇంటి గొంతు ఎక్కువా?" అని అడుగుతాడు. ఉన్న గొంతులు దాదాపు అన్నీ ఆడవాళ్ళవే. పళ్ళ డాక్టరు దగ్గరున్న ఒక పెట్టెలో మాత్రం ఒక ముసలాయన గొంతు ఉండేది. ఆయన ఎక్కువకాలం కొడుకూ కోడళ్ళ పంచన బతికాట్ట.

అప్‌గ్రేడ్ చేస్తే ఆ గొంతు పోతుంది. ఎండిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేస్తారు. మూడు కాళ్ళతో కందిపప్పు బద్దల్లా ఉండే పాత ఫిల్టర్లు పీకేసి, వాటి చోట ఇరుకైన కొత్తవి పెడతారు. ఫిల్టర్ ఎంత ఇరుకైతే పక్క మాటలు అంత రావు. పీకేసిన ఫిల్టర్లు చీపురుకి పోతాయి. ఇంటి గొంతు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. చెత్తబుట్టలో పడ్డదాని చిరునామా ఎవరిక్కావాలి?

ఆ ఇంట్లో అప్‌గ్రేడ్ కానిది ఒక్కటే. వంటింట్లో ఫ్రిజ్ మీద ఉండేది. ఆయన పెళ్ళికి ముందు కొన్న మొదటి పెట్టె. ముందు భాగమంతా ప్లాస్టిక్, ఒక మూల కరిగింది కూడా. "దాని మీద పెట్టే ఖర్చు బూడిదలో పోసినట్టే," అని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. ఆవిడ దాన్ని ఒకే స్టేషన్ మీద ఉంచి, మ్యూటింగ్ నొక్కి, పని చేసుకుంటూ వినేది. ముల్లు తిప్పే అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

*

ఆ వానాకాలంలో కూతురికి వకీలుగారబ్బాయితో పెళ్ళి మాట వచ్చింది.

వకీలుగారి దగ్గర ఒక ట్యూనర్ ఉంది. వెండి రంగు ముఖం, మందంగా తిరిగే మీట, వెనక లేత నీలం దీపం. చెవులాయన దాని ముందు నిలబడితే ఊపిరి కూడా చిన్నగా తీసేవాడు. "పిల్ల మా ఇంటికొస్తే, పెట్టె మీ ఇంటికి వచ్చేస్తుంది బావగారూ!" అని వకీలు భుజం మీద చరిచాడు. అప్పుడే 'బావగారూ' అయిపోయాడు. మాట ముడి పడకముందే పెట్టెని బుధవారం కార్లో పంపించేశాడు కూడా. ఆదివారం తనూ భార్యా అబ్బాయీ వచ్చి పిల్ల నోటి మాట విని వెళ్తామన్నాడు.

"అంటే పిల్లనిచ్చి పెట్టె తెచ్చుకుంటున్నారన్నమాట," అంది ఇంటావిడ.

"ఛఛ! దానికీ దీనికీ సంబంధమేమిటి?"

"నిజమే, సంబంధం లేదు. పెట్టెనైతే ఇంటికి తెచ్చి నాలుగు రోజులు పరీక్ష చేసి చూస్తున్నారుగా."

కూతురు నవ్వింది. కానీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మంచివాడిలాగే ఉన్నాడమ్మా," అంది. "నాలుగైదుసార్లు కలిశాం కదా. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. రోజంతా చెవులకి చప్పుళ్ళు వినిపించేదాన్ని, ఇంటికొస్తే నెమ్మదిగా మాట్లాడేవాడుంటే చాలనిపిస్తోంది."

ఆ కోరికలో వంక పెట్టడానికేం లేదు.

అప్‌గ్రేడ్‌కి ముందు పెట్టె ఎలా ఉందో విని పెట్టుకోవడం ఆ పిచ్చివాళ్ళ రివాజు. లేకపోతే ఏం బాగుపడిందో ఎలా తెలుస్తుంది? బుధవారం సాయంత్రం చెవులాయన వకీలుగారి పెట్టెకి మ్యూటింగ్ తీసి, ముల్లుని రెండు స్టేషన్ల నడిమికి తెచ్చి, "ఏమోయ్, హోరు ఎంతుందో చూడు," అన్నాడు.

ఆవిడ గిన్నె పక్కన పెట్టి విన్నది.

బయట వాన. లోపల వాన లాంటి హోరు. దాని అడుగున ఒక ఆడగొంతు, తలుపు అవతల నిలబడి మాట్లాడినట్టు:

"నాకు జ్వరంగా ఉంది."

కాసేపు హోరు.

"కొంచెం జ్వరంగా ఉన్నట్టుంది."

హోరు.

"జ్వరమో ఏమో. మీ భోజనం అయ్యాక కాస్త పడుకుంటా."

మళ్ళీ హోరు. చాలాసేపు. తర్వాత, దాదాపు ఉత్సాహంగా: "ఏం లేదండీ. నిద్ర చాల్లేదు, అంతే."

ఆ గొంతుని ఇంటావిడ గుర్తుపట్టింది, గుర్తుపట్టడం కష్టమే అయినా. వకీలుగారి భార్య ఎక్కడికొచ్చినా "బాగున్నారా", "వస్తామండీ" అన్న రెండు మాటలకి మించి ఎవరూ వినలేదు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆవిడకి నాలుక లేకపోవడమేమిటి! ఒక్కో మాటనీ పక్కపక్కన పెట్టి, పోల్చి పోల్చి, ఏది తక్కువ చప్పుడు చేస్తుందో చూసుకుని, ఆఖరికి చప్పుడే లేనిదాన్ని తీసుకుని గదిలోంచి బయటికి వచ్చేది. చెవులాయన ఆదివారాలు మాత్రమే చేసే పని ఆవిడ రోజూ చేసింది.

"ఎంతుంది హోరు?" అన్నాడు చెవులాయన. ఆయనకి సిగ్నల్ చూపించే ముల్లు పడిపోవడం కనిపించింది గాని ఇంకేమీ వినపడలేదు.

"చాలా ఉంది," అంది ఆవిడ.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఒక్కతే మళ్ళీ పెట్టింది. ఇంకో ఖాళీలో అదే గొంతు, కాస్త ముదిరి:

"అన్నం చల్లారింది, వేడి చేసి తెస్తానుండండి. ఆయనతో అయితే ఈ మాట సరిపోతుంది." హోరు. "మా బాబుతో ఇదీ అనకూడదు. బాబు చూడకముందే కంచం మార్చెయ్యాలి."

ఇంటావిడ మీట మీంచి చెయ్యి తీసేసింది.

*

"ఆదివారం దాకా దాన్ని విప్పకండి," అంది మొగుడితో. "అమ్మాయి వినాలి."

విషయం చెప్పింది. ఆయన సాంతం విన్నాడు, స్క్రూడ్రైవర్ మొన తుడుచుకుంటూ.

"ఇంటి గొంతు పట్టుకుని మనుషుల్ని తూచితే ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళే జరగవు."

"జరక్కపోతే కొంప మునిగిందా?"

"నీ వంటింటి పెట్టె మ్యూటింగ్ తీస్తే నా పరువేం కాను మరి!" అని పకపకా నవ్వాడు.

ఆవిడా నవ్వింది. "నాకేం భయం? నేను మీ మొహం మీదే అనేస్తాను."

ఆసుపత్రిలో ఎక్కువ పని ఉండి కూతురు ఆ వారమంతా పొద్దుపోయి వస్తోంది. తల్లి చెప్తే, షూ విప్పుకుంటూ, "అలాంటి గొంతు ప్రతి ఇంట్లోనూ ఉండేదే కదమ్మా," అంది. "నా చెవులతో విని అప్పుడు చెప్తా. శనివారం తొందరగా వచ్చేస్తాను."

శనివారం ఇంటావిడ కూరగాయలకి వెళ్ళి తడిసి వచ్చేసరికి హాలంతా టంకం పొగ వాసన. వకీలుగారి పెట్టె మూత తెరుచుకుని ఉంది. లోపల కొత్త ఫిల్టర్లు మెరుస్తున్నాయి. ముల్లు ఖాళీలో ఉంది, మ్యూటింగ్ తీసే ఉంది. ఏమీ వినిపించడం లేదు. మూత పెట్టిన బావిలా ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన, పురుడు పోసిన మంత్రసానిలా వెలిగిపోతూ. "రేపు వకీలు దిమ్మ తిరిగిపోవాలి! నేనిప్పుడే పళ్ళ డాక్టర్ని పిలుచుకొస్తా."

గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. పీకేసిన ముక్కలు ఒక సీసా మూతలో ఉన్నాయి. ఆవిడ తడి చీరతోనే నిలబడి, వాటిలోంచి మూడు కాళ్ళ బద్దల్ని వేరు చేసింది. ఉఫ్ అంటే ఎగిరిపోయేటట్టున్నాయి.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన పక్కన నిలబడి లైటు పట్టుకుంది ఆవిడే. "ఇటు, ఇంకాస్త ఇటు, చెయ్యి కదపకు" అనిపించుకుంటూ. లైటు పట్టిన చేతి వెనక కళ్ళు కూడా ఉంటాయని ఆయనకి తట్టలేదు. ఆవిడ ఫ్రిజ్ మీది పెట్టె దింపి, మూత విప్పి, దాని ఫిల్టర్లలో ఒకటి మాత్రం ఉంచి, మిగతావాటి చోట వకీలుగారింటివి అతికించడం మొదలుపెట్టింది.

కూతురు వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "అమ్మా! ఏం చేస్తున్నావ్?"

"కనిపించడం లేదూ? అప్‌గ్రేడ్ చేస్తున్నా. లైటు పట్టుకో. ఇటు, ఇంకాస్త ఇటు."

మూత పెట్టకుండానే ప్లగ్గు పెట్టి, మ్యూటింగ్ తీసి, జీవితంలో మొదటిసారి ఆ పెట్టె ముల్లు పక్కకి తిప్పింది.

ముందుగా వచ్చిన గొంతు వకీలుగారి భార్యది కాదు.

"టీ పొడి అయిపోయింది." హోరు. "టీ పొడి అయిపోవస్తోంది." హోరు. "మీరు ఎలాగూ అటు వెళ్తున్నారుగా అని..." హోరు. "పోన్లెండి, నేనే తెచ్చుకుంటా."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి టంకం కర్ర వైపు చూసింది.

"రేడియో స్టేషన్‌లో, రికార్డింగులు విని తప్పులు పట్టే ఉద్యోగమట. నాకిస్తామన్నారు. నేను చేస్తాను." అదే గొంతు, కాకపోతే చాలా చిన్న వయసుది. హోరు. "చెయ్యాలనుంది." హోరు. "మీకిష్టమైతేనే." హోరు. "ఏం లేదు. టీ పెట్టనా?"

ముల్లు ఇంకాస్త జరిగింది. "నాకు జ్వరంగా ఉంది," అంది రెండో గొంతు. "కొంచెం జ్వరంగా ఉన్నట్టుంది."

రెండు గొంతులూ, ఒకే యాంటెన్నా మీద, పక్కపక్కన.

"ఇద్దరికీ తేడా ఏముందమ్మా?" అంది కూతురు.

ఊళ్ళో అందరికంటే మంచి చెవులున్న ఆ మనిషి ఎంతసేపు విన్నా ఆ తేడా చెప్పలేకపోయింది.

"కానీ నువ్వు బతికావుగా," అంది కూతురు మెల్లగా, తనతో తనే వాదించుకుంటున్నట్టు. "నాన్నతో. నవ్వుతూనే ఉంటావు. ఆవిడ స్వభావమే అంతేమో. వాళ్ళబ్బాయి తప్పు కాదేమో."

ఆవిడ టంకం కర్ర ప్లగ్గు పీకింది. చీర అంచు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

*

ఆదివారం వాళ్ళొచ్చారు. హాల్లో వకీలూ, ఆయన కొడుకూ, పళ్ళ డాక్టరూ, చెవులాయనా, రెండు ట్యూనర్లూ. వకీలుగారి భార్య "బాగున్నారా" అనేసి, కప్పులు అందిస్తానంటూ వంటింట్లోకి వచ్చేసింది.

ఫ్రిజ్ మీద పెట్టె సన్నగా మోగుతోంది. మ్యూటింగ్ ఎవరు తీశారో, తల్లో కూతురో, ఒకర్నొకరు అడగలేదు.

"అన్నం చల్లారింది, వేడి చేసి తెస్తానుండండి."

వకీలుగారి భార్య చేతిలో కప్పు ఆగింది. పక్కింట్లో తమ గిన్నె కనిపించినట్టు చూసింది.

"మా ఇంటిదే," అంది.

"అవును వదినగారూ," అంది ఇంటావిడ. "కూచోండి."

ఆవిడ స్టూలు మీద కూచుంది. హాల్లోంచి, "ఇప్పుడు వినండి, చీమ నడిస్తే వినిపిస్తుంది!" అని చెవులాయన గొంతూ, "ఆహా!" అని పళ్ళ డాక్టరు గొంతూ వచ్చాయి.

కూతురు వచ్చి ఆవిడ ఎదురుగా నేల మీద కూచుంది. "ఆంటీ, నేను మీ ఇంటికి రానా?"

వకీలుగారి భార్య పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా. ఎప్పటి అలవాటో అది. ఆవిడ పెదవులు కదిలినప్పుడల్లా మాటలు ఫ్రిజ్ మీంచి వచ్చాయి.

"అంతకంటేనా తల్లీ, నీ ఇష్టం." హోరు. "కొంచెం ఆలోచించుకో." హోరు. "పెద్దవాళ్ళున్నారుగా, వాళ్ళు చూసుకుంటారు." హోరు. "ఏం లేదమ్మా."

ముగ్గురూ విన్నారు. అడిగిన పిల్ల చెవినే పడ్డ మాటలు నిలవవు కదా. ఒక్కొక్కటీ అలా వినిపించి పోయింది. ఇంకోదాని కోసం ఆవిడ పెదవులు కదిపింది. పెట్టెలో హోరు తప్ప ఏమీ రాలేదు. పోల్చి చూసుకోవడానికి ఆవిడ దగ్గర ఇంకే మాటా మిగల్లేదు, మనసులో మొట్టమొదట పుట్టినది తప్ప.

"రావద్దు," అంది వకీలుగారి భార్య, తన నోటితో.

"ఒకటా, రెండా?" అని హాల్లోంచి కేక. ఎవరూ పలకలేదు. "ఏమోయ్! ఒకటా, రెండా?"

గుమ్మంలో వకీలుగారబ్బాయి కనిపించాడు. మొహం మీద చిన్న నవ్వుంది. "అమ్మా," అన్నాడు, గొంతు ఏమాత్రం పెంచకుండా. అంతే అన్నాడు. ఆవిడ అప్పటికే లేచి నిలబడిపోయింది. చేతిలో కప్పు సాసర్‌ మీద టకటకా కొట్టుకుంటోంది. కూతురు ఆ చప్పుడు విన్నది. రోజంతా చెవుల పని చేసే పిల్ల.

లేచి, ట్రే తనే తీసుకుని హాల్లోకి వెళ్ళి, అందరికీ టీ ఇచ్చింది. ఇచ్చి, "నాకు ఈ పెళ్ళి వద్దండీ," అంది.

*

వకీలు మర్యాదస్తుడు. కేకలు వెయ్యలేదు. టీ తాగడం పూర్తి చేసి, "అయితే పెట్టె కార్లో పెట్టించండి," అన్నాడు. బావగారూ అనలేదు. చెవులాయన దాన్ని పసిపిల్లనెత్తుకున్నట్టు ఎత్తుకుని వానలో కారు దాకా నడిచాడు. ఏడవడం ఒక్కటే తక్కువ.

వెనక సీట్లో వకీలుగారి భార్య కూచుంది. పెట్టె ఆవిడ ఒళ్ళో పెట్టారు. అందులో ఇప్పుడు కొత్త ఫిల్టర్లున్నాయి, ఇరుకైనవి. ఇక అది ఏ మాటనీ పట్టి ఉంచుకోదు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఆవిడ పెదవుల వైపు చూసింది. అవి కదులుతున్నాయి. ఇంటికి చేరేలోపు ఏదో ఒక మాట సిద్ధం చేసుకోవాలి కదా.

ఇంటావిడ గబగబా లోపలికెళ్ళి, ఫ్రిజ్ మీది పెట్టె ప్లగ్గు పీకి, వైరు చుట్టి, కారు దగ్గరికి తెచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు వకీలు.

"పాత డబ్బా అన్నయ్యగారూ. మా ఇంట్లో అడ్డంగా ఉంది. వదినగారు వంటింట్లో పెట్టుకుంటారు."

వకీలు కరిగిన ప్లాస్టిక్ మూల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంటావిడ దాన్ని సీటు మీద, ఆవిడ పక్కన పెట్టింది. "దీన్నెవరూ అప్‌గ్రేడ్ చెయ్యరు," అంది చెవిలో. "నేనూ ఉన్నాను అందులో." వకీలుగారి భార్య చెయ్యి ఒకసారి ఆ డబ్బా మీద పడింది. అద్దం పైకి లేచింది. కారు మలుపు తిరిగింది. ఆ ఇంట్లో ఏం జరగబోతోందో వీధిలో నిలబడ్డ ఎవరికీ తెలియనిది కాదు. అందరూ గొడుగులు ముడుచుకుని లోపలికి వెళ్ళారు.

సాయంత్రం హాల్లో ఒక్క ట్యూనరే మిగిలింది. దాని పక్కన ఖాళీ. చెవులాయన చేతిలో స్విచ్చిని ఉత్తినే అటోసారి ఇటోసారి నొక్కాడు. "కాస్త టీ," అన్నాడు చివరికి.

ఇంటావిడ టీ పొడి డబ్బా మూత తీసి చూసింది. అలవాటుగా పెదవులు కదిపింది. ఫ్రిజ్ మీద దుమ్ములో నాలుగు పాదాల గుర్తులు తప్ప ఏమీ లేదు. ఆ మాటని అట్టిపెట్టుకునేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

హాలు గుమ్మంలోకి వచ్చి, "టీ పొడి అయిపోయింది. వెళ్ళి తీసుకురండి," అంది.

ఆయనకి వినపడలేదు. "ఆఁ?" అన్నాడు.

కూతురు తన గదిలోంచి తలెత్తింది.

ఇంటావిడ అదే మాట, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్ళీ చెప్పింది.